అంతర్జాలం ఆగినప్పుడు

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠ్యభాగం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, సహేతుకంగా వివరించే రచన వ్యాసం. ఇంట్లో అంతర్జాలం గాని, ఈ-మెయిల్ గాని పనిచేయనప్పుడు లోపం ఎక్కడ ఉన్నదో కనుగొనే మార్గాన్ని ఈ వ్యాసం తెలుపుతుంది. యంత్ర పరిజ్ఞానం కన్న ఆలోచనా క్రమానికి ఇందులో ప్రాధాన్యం ఎక్కువ.

పాఠ్యభాగం

గోదావరి డెల్టాలో శివారు భూమి గల రైతుకు ఒక విద్య పుట్టుకతోనే అబ్బుతుంది. ఊడ్పులు అయిన చేనికి నీరు అందకపోతే అతడు చేనిలో నిలబడి ఆకాశం వంక చూడడు. పార భుజాన వేసుకొని గట్టు వెంట ఎగువకు నడుస్తాడు. మొదట తన బోదెను పరిశీలిస్తాడు. అది పూడిపోయిందా, గట్టుకు బొరియ పడి నీరు పక్క చేనికి జారిపోతున్నదా అని చూస్తాడు. అక్కడ లోపం లేకపోతే తూము దగ్గరకు వెళతాడు. తూముకు గుర్రపుడెక్క అడ్డుపడలేదని తేలితే పంటకాలువ, అటుపైన లాకులు, చిట్టచివరకు ధవళేశ్వరం. అక్కడ 1852లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట పూర్తయింది. నేడు పది లక్షల ఎకరాలకు పైగా తడుపుతున్న ఆ కాలువల వ్యవస్థను ఒక్క రైతు పూర్తిగా ఎరిగి ఉండడు. ఎరగనక్కర కూడా లేదు. ఫలానా చోటి వరకు నీరు ఉన్నది, ఫలానా చోటి నుంచి లేదు, కాబట్టి లోపం ఆ రెండింటి నడుమనే ఉన్నదన్న ఒక్క తెలివిడి అతనికి చాలు.

మన ఇంటికి వచ్చే అంతర్జాలం కూడా ఇటువంటి కాలువే. చేతిలోని ఫోను గాని, బల్లమీది కంప్యూటరు గాని పొలం వంటిది. ఇంట్లోని వైఫై బోదె. గోడకు బిగించిన పెట్టె తూము. వీధిలోని తీగ పంటకాలువ. సేవలు అందించే సంస్థ కేంద్రం లాకుల వంటిది. దూరదేశాలలోని పెద్ద కంప్యూటర్లు ఆనకట్ట. అయినా అంతర్జాలం ఆగినప్పుడు మనం రైతు చేసే పని చేయం. ఉన్న మీటలన్నీ ఒకేసారి నొక్కుతాం, తీగలన్నీ పీకుతాం, పెట్టెను చేత్తో తడతాం. ఆ తొందరలో చిన్న లోపం పెద్దదవుతుంది.

తొందర ఎందుకో కూడా చెప్పుకోవాలి. ప్రవేశపరీక్ష దరఖాస్తు, హాల్‌టికెట్టు, కౌన్సెలింగులో కళాశాలల ఎంపిక, ఉపకారవేతనం – ఇవన్నీ అంతర్జాలం ద్వారానే నడుస్తున్నాయి. గడువు చివరి రోజు రాత్రి తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోతే ఒక విద్యార్థికి సంవత్సరం పోవచ్చు. అందుచేత ఈ విద్యను గడువు నాటి రాత్రి కాక అంతకు ముందే నేర్చుకొని ఉండటం మేలు.

మన దేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రారంభమయ్యాయి. అప్పట్లో టెలిఫోను తీగే ఆధారం. మోడెం కీచుమని అరిచి అవతలి మోడెంతో కలిసేది. అది కలిసి ఉన్నంత సేపు ఇంటికి ఎవరు ఫోను చేసినా గంట మోగేది కాదు. ఆ పద్ధతిలో వేగం సెకనుకు 56 కిలోబిట్లను మించదు. 2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ బ్రాడ్‌బ్యాండ్ సేవను ప్రారంభించి, అదే రాగి తీగ మీద మాటను, సమాచారాన్ని వేరు వేరు పౌనఃపున్యాలలో పంపింది. వేగం 256 కిలోబిట్లకు పెరిగినందుకే ఆనాడు ఎంతో సంబరపడ్డాము.

ఆ తరువాతి మలుపులో మన డెల్టా గ్రామానికే ముందు వరుసలో చోటు దక్కింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో, సఖినేటిపల్లి మండలంలో మోరి అనే గ్రామం ఉంది. జీడిపప్పు పరిశ్రమకు పేరుపడిన ఊరు. 2016 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్ నెట్ సేవలను ఈ గ్రామంలో ప్రారంభించింది. నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల వేగం గల అంతర్జాలం, దూరదర్శన ప్రసారాలు, ఫోను ఒకే తీగ మీద ఇంటికి వచ్చాయి. ఖర్చు తగ్గడానికి ముఖ్య కారణం తీగను భూమిలో పాతకుండా విద్యుత్ స్తంభాల మీదుగా లాగటం. ఈ సదుపాయంతో పాటే దాని కష్టం కూడా వచ్చింది. కొబ్బరితోటల నడుమ స్తంభాల మీద పోయే తీగ మీద ఎండు మట్ట పడినా, గాలివానకు చెట్టు ఒరిగినా ఆ వీధి మొత్తానికి అంతర్జాలం ఆగుతుంది.

ఇక వెదికే పద్ధతి. మన తర్కశాస్త్రం ఇందుకు చక్కని సాధనాన్ని ఏనాడో ఇచ్చింది. దాని పేరు అన్వయ వ్యతిరేకాలు. ఒకటి ఉన్నచోట మరొకటి ఉండటం అన్వయం. అది లేనిచోట ఇదీ లేకపోవటం వ్యతిరేకం. వంటింట్లో పొగ ఉన్నది, నిప్పూ ఉన్నది. చెరువులో నిప్పు లేదు, పొగా లేదు. తర్కం చదివే బాలునికి గురువు మొదట చెప్పే ఉదాహరణ ఇదే. దీనిని మన సమస్యకు అన్వయిద్దాం. నా ఫోనులో అంతర్జాలం రావటం లేదు. అదే వైఫై మీద అమ్మ ఫోనులో వస్తున్నది. అంటే బోదెలో నీరున్నది, లోపం నా పొలంలోనే. ఇద్దరికీ రావటం లేదు, కాని కంప్యూటరును తీగతో పెట్టెకు కలిపితే వస్తున్నది. అంటే తూము దాకా నీరున్నది, బోదె పూడింది. తీగతో కలిపినా రాకపోతే ఎగువకు నడవాలి. ఈ పద్ధతికి ఒక్కటే నియమం. ఒకసారి ఒకదానినే మార్చాలి. రెండు మార్పులు కలిపి చేస్తే పని జరిగినా దేనివల్ల జరిగిందో తెలియదు. రేపు అదే కష్టం వస్తే మళ్లీ మొదటికే వస్తాం.

పొలంలోని లోపాలు చాలావరకు సామాన్యమైనవి. ఫోనులో విమానం గుర్తు నొక్కి ఉండవచ్చు. పాత సంకేతపదం మిగిలి ఉండవచ్చు. తేదీ, సమయం తప్పుగా ఉన్నా రక్షణ గల పుటలు తెరుచుకోవు. పుటకు ఉండే ధ్రువపత్రం ఫలానా తేదీ వరకే చెల్లుతుంది కనుక, గడియారం తప్పిన కంప్యూటరు దానిని నమ్మదు. చాలాకాలం మూలపడి ఉన్న కంప్యూటరును తెరిచినప్పుడు ముందుగా చూడవలసింది ఇదే. కంప్యూటరుకు దక్కిన అంకెల చిరునామా 169.254తో మొదలైతే, పెట్టె నుంచి దానికి చిరునామా అందలేదని అర్థం. అలా కాక చిరునామా సరిగా ఉండి, 192.168.1.1 వంటి పెట్టె సొంత పుట తెరుచుకుంటే ఇంటి లోపలి దారి బాగున్నట్లే.

బోదె సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వైఫై ఒక రేడియో తరంగం. సాధారణంగా అది 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పౌనఃపున్యాలలో ప్రసరిస్తుంది. మొదటిది నెమ్మది, కాని దూరం పోతుంది. రెండవది వేగం, కాని గోడ అడ్డమైతే నీరసిస్తుంది. కోనసీమలోని పాత మండువా లోగిళ్లలో గోడలు మూరెడు మందం ఉంటాయి. వీధి గదిలోని పెట్టె నుంచి పెరటి గదికి వేగవంతమైన తరంగం చేరకపోవటం వింత కాదు. అటువంటి ఇంట్లో పెట్టెను మండువా వైపు, నాలుగు గదులకూ దారి తెరిచి ఉన్నచోట, మనిషెత్తున పెడితే మేలు. ఇనుప బీరువా వెనుక, నిలువుటద్దం పక్కన పెడితే తరంగాన్ని మనమే బంధించినట్లవుతుంది. చాలామంది పెట్టె అందంగా కనిపించదని బీరువా పైన దాస్తారు. అందం నిలుస్తుంది, అంతర్జాలం నిలవదు.

తూము దగ్గర దీపాలే భాష. ఫైబర్ పెట్టె మీద సాధారణంగా పి.ఒ.ఎన్. అన్న ఆకుపచ్చ దీపం నిలకడగా వెలుగుతుంటే కాంతి వస్తున్నట్లు. ఎల్.ఒ.ఎస్. అన్న దీపం ఎర్రగా వెలిగినా, కొట్టుకున్నా వీధి నుంచి కాంతి రావటం లేదని అర్థం. అప్పుడు ఇంట్లో ఎన్ని మీటలు నొక్కినా ఫలితం లేదు. ఎక్కడో తీగ తెగింది, లేదా మరీ మడత పడింది. ఈ తీగ లోపల ఉన్నది తలవెంట్రుకంత గాజు. దాని నడుమ కాంతి నడిచే దారి మిల్లీమీటరులో నూరో వంతుకు కూడా చాలదు. కరెంటు తీగను మెలిపెట్టి టేపు చుట్టినట్లు దీనిని కలపటం కుదరదు. గాజుకు ముడి పడదు. దానిని కరిగించి అతికే యంత్రం వేరే ఉంటుంది. తెగిన కొనను కంటికి దగ్గరగా పెట్టి చూడటం అంతకన్న ప్రమాదం. అందులో వచ్చే కాంతి కంటికి కనబడదు, హాని మాత్రం చేయగలదు.

గాజు తీగకు ఒక మంచి గుణం ఉంది. అది విద్యుత్తును ప్రసరింపజేయదు. రాగి తీగ కాలంలో పిడుగు పడితే టెలిఫోను తీగ వెంట వచ్చి మోడెమును కాల్చేది. వానాకాలం కీళ్లలోకి నీరు దిగి, చిలుము పట్టి వేగం తగ్గేది. ఇప్పటికీ రాగి తీగ ఉన్న ఇళ్లలో ఉరుములు వినబడగానే ఫోను తీగను, కరెంటు తీగను రెండింటినీ తీసివేయటం మంచిది. గాజు తీగ ఉన్నవారు కరెంటు తీగను తీస్తే చాలు. అయితే పాత టెలిఫోనుకు గల ఒక సుగుణం కొత్త పెట్టెకు లేదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలే తీగ వెంట విద్యుత్తును పంపేవి కనుక ఊరంతా చీకటైనా ఆ ఫోను మాట్లాడేది. నేటి పెట్టె కరెంటు పోగానే మూగబోతుంది. చిన్న బ్యాటరీ ఒకటి దానికి అమర్చుకుంటే గడువు రోజులలో మహోపకారం చేస్తుంది.

‘ఆపి మళ్లీ వేసి చూడండి’ అన్న సలహాను చాలామంది పరిహసిస్తారు. అది పరిహసించదగినది కాదు. పెట్టె కూడా ఒక చిన్న కంప్యూటరే. నెలల తరబడి ఆగకుండా పనిచేస్తే దాని జ్ఞాపకశక్తి చిక్కుపడుతుంది. అరనిమిషం ఆపి వేస్తే ఆ చిక్కు తొలగి, సంస్థ కేంద్రం నుంచి కొత్త చిరునామా తెచ్చుకుంటుంది. కాని వెనుక సన్నని రంధ్రంలో ఉండే రీసెట్ మీటను పిన్నుతో గుచ్చటం వేరు. అది నిద్ర లేపటం కాదు, గతమంతా మరపించటం. సంస్థవారు అమర్చిన పేరు, సంకేతపదం చెరిగిపోయి, వారి మనిషి వచ్చేవరకు ఇల్లు బోసిపోతుంది. చిన్న లోపం పెద్దదయ్యే దారులలో ఇదే ప్రధానమైనది.

కొన్నిసార్లు ఇల్లూ వీధీ రెండూ బాగుండి ఎగువనే ఆగుతుంది. ఊళ్లో వారు మర్రిచెట్టు చేను అంటారు, రెవెన్యూ దస్త్రంలో దానికి సర్వే నంబరు ఉంటుంది. అలాగే మనం టైపు చేసే ప్రతి పేరుకూ వెనుక అంకెల చిరునామా ఉంటుంది. పేరును అంకెలుగా మార్చే నామసూచిని డి.ఎన్.ఎస్. అంటారు. ఆ సూచి జవాబివ్వకపోతే దారి ఉండి కూడా ఊరు దొరకదు. ఇప్పటికే తెరిచి ఉన్న సందేశాలు కదులుతూ, కొత్త పుటలు మాత్రం తెరుచుకోకపోతే దీనినే అనుమానించాలి. అమరికలలో 8.8.8.8 లేదా 1.1.1.1 అనే మరొక నామసూచిని ఇచ్చి చూడవచ్చు.

2021 అక్టోబరు 4న మన కాలమానం ప్రకారం రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్ ప్రపంచమంతటా ఆగిపోయాయి. నిర్వహణలో భాగంగా ఇచ్చిన ఒక ఆదేశం ఆ సంస్థ కేంద్రాల మధ్య బంధాన్ని తెంచివేయగా, వారి నామసూచులు లోకానికి కనబడకుండా పోయాయి. సరిచేయటానికి సుమారు ఆరు గంటలు పట్టింది. ఆ రాత్రి మరొక పుట ఏదైనా తెరిచి చూసినవారికి అంతర్జాలం ఉన్నదని ఒక్క నిమిషంలో తెలిసేది. మరొక రకం నిలుపుదల కూడా ఉంది. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగిన తరువాత కోనసీమలో ప్రభుత్వం కొన్ని రోజులు మొబైల్ అంతర్జాలాన్ని నిలిపివేసింది. లాకులే మూసినప్పుడు బోదె తవ్వి లాభం లేదు.

ఈ-మెయిల్ సంగతి కొంత భిన్నం. అంతర్జాలం సక్రమంగా ఉండగానే ఉత్తరం అందకపోవచ్చు. తరువాతి కాలంలో రాజమహేంద్రవర రెడ్డిరాజుల ఆస్థానాన్ని అలంకరించిన శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధంలో హంస సందేశం మోయటమే కాదు, తిరిగివచ్చి జరిగినది చెబుతుంది. మంచి దూత లక్షణం అది. ఈ-మెయిల్‌కు కూడా ఆ లక్షణం ఉంది. పంపిన ఉత్తరం అందకపోతే కారణం చెబుతూ ఒక ప్రత్యుత్తరం వస్తుంది. అది ఇంగ్లీషులో, అంకెలతో ఉండటంవల్ల మన పిల్లలు చదవకుండానే చెరిపివేస్తారు. తపాలా జవాను తిరిగివచ్చిన కవరు మీద ‘ఇల్లు మారినారు’ అని రాసిన మాటను చదవకుండా పారవేయటం వంటిది ఇది. అందులోని మూడంకెల సంఖ్య 4తో మొదలైతే అది తాత్కాలికమైన అడ్డంకి. దూత తనంత తానే మళ్లీ ప్రయత్నిస్తాడు. 5తో మొదలైతే ఇక ప్రయత్నించడు, మనమే సరిచేయాలి. 550 అని ఉంటే తరచుగా ఆ పేరు గల చిరునామా లేదని అర్థం. ఒక అక్షరం అటు ఇటైనా చాలు. 552 అని ఉంటే అవతలి పెట్టె నిండి ఉండవచ్చు, లేదా జతచేసినది మరీ పెద్దది కావచ్చు.

మనకు రావలసినది రాకపోతే మొదట స్పామ్ అరను చూడాలి. పిదప నిల్వను చూడాలి. జీమెయిల్ ఉచిత ఖాతాకు సాధారణంగా 15 గిగాబైట్ల చోటు ఉంటుంది. కాని ఆ చోటు ఉత్తరాలకు మాత్రమే కాదు, ఫోను నుంచి చేరే ఛాయాచిత్రాలకు, దస్త్రాలకు కూడా అదే. పెళ్లి వీడియోలతో నిండిన ఖాతాకు కౌన్సెలింగు ఉత్తరం చేరదు. తిరుగుటపా పంపినవారికి పోతుందే తప్ప మనకు తెలియదు.

అంతకన్న లోతైన చిక్కు మరొకటి మన ప్రాంతంలో తరచుగా కనిపిస్తుంది. దరఖాస్తు నింపే రోజున నెట్ సెంటరులో ఎవరో ఒకరు విద్యార్థి పేరున ఈ-మెయిల్ తెరుస్తారు. సంకేతపదం వారికే తెలుసు. మరచిపోతే తిరిగి పొందటానికి ఇచ్చే ఫోను నంబరు కూడా కొన్నిచోట్ల వారిదే. ఏడాది తరువాత ఉత్తరం వస్తుంది, తలుపు తీయటానికి తాళంచెవి లేదు. రీచార్జి చేయక వదిలేసిన నంబరు కొంతకాలానికి మరొకరికి కేటాయించబడుతుంది. అప్పుడు ఆ తాళంచెవి అపరిచితుని చేతిలో పడినట్లే. కనుక ఖాతాను తానే తెరవాలి, సంకేతపదాన్ని ఇంట్లో భద్రమైన పుస్తకంలో రాసుకోవాలి, నంబరు మారిన రోజే ఖాతాలోనూ మార్చాలి. ఇందులో యంత్రవిద్య ఏమీ లేదు.

కష్టంలో ఉన్నవానిని మోసగించటం సులభం. ‘మీ కనెక్షను ఈ రాత్రి తెగిపోతుంది, మేము చెప్పిన యాప్ వేసుకోండి, వచ్చిన అంకెలు చెప్పండి’ అని ఫోను వస్తుంది. ఆ యాప్ మన తెరను అవతలివారికి అప్పగిస్తుంది. ఆ అంకెలు మన బ్యాంకు ద్వారాన్ని తెరుస్తాయి. లోపం సరిచేసే సిబ్బందికి మన ఓటీపీతో పని లేదు. డబ్బు పోయినట్లు తెలిస్తే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. సొమ్ము ఇతర ఖాతాలకు చేతులు మారకముందే చెబితే దానిని నిలిపే అవకాశం ఎక్కువ.

ఇంటి వరకు అంతా చూసి, లోపం వీధిలోనే ఉన్నదని తేలితే సంస్థకు ఫిర్యాదు చేయాలి. ఇక్కడ భాష అవసరం వస్తుంది. ‘నెట్ రావటం లేదు’ అన్న మూడు మాటల ఫిర్యాదు విన్నవారు మళ్లీ మొదటి నుంచి ప్రశ్నలే అడుగుతారు. దాని బదులు ఇలా రాయవచ్చు: ‘నిన్న సాయంత్రం 6 గంటల గాలివాన తరువాత మా ఇంట్లో అంతర్జాలం ఆగింది. పెట్టె మీద ఎల్.ఒ.ఎస్. దీపం ఎర్రగా వెలుగుతున్నది. రెండుసార్లు ఆపి వేసి చూశాము. మా వీధిలో మరి మూడిళ్లకు కూడా లేదు. రామాలయం దగ్గరి స్తంభం మీద కొబ్బరిమట్ట పడి తీగ కిందికి వేలాడుతున్నది.’ ఇది చదివిన సిబ్బంది నిచ్చెనతో నేరుగా ఆ స్తంభం దగ్గరకే వస్తారు.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. శివారు రైతు నీటిని వెదికే తీరుకు, అంతర్జాల లోపాన్ని వెదికే తీరుకు గల పోలికను వివరించండి.
2. ఈ-మెయిల్ అందకపోవటానికి గల కారణాలను పాఠం ఆధారంగా రాయండి.

ఆ) కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. అన్వయ వ్యతిరేకాలు అనగానేమి?
2. మోరి గ్రామంలో తీగను స్తంభాల మీదుగా లాగటంవల్ల కలిగిన లాభనష్టాలేవి?
3. పెట్టెను ఆపి వేయటానికి, రీసెట్ మీట నొక్కటానికి గల భేదమేమి?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. చేనిలో నిలబడి ఆకాశం వంక చూడడు.
2. గాజుకు ముడి పడదు.
3. లాకులే మూసినప్పుడు బోదె తవ్వి లాభం లేదు.

ఈ) సంధి పేరు తెలిపి విడదీయండి: ప్రత్యుత్తరం, మహోపకారం, అంతర్జాలం.

ఉ) మీ వీధిలో మూడు రోజులుగా అంతర్జాలం ఆగిపోయినదని సేవాసంస్థ అధికారికి లేఖ రాయండి. మీరు చేసిన పరిశీలనలను వరుసగా పేర్కొనండి.